పురుగుల గొర్రె

ఆ రోజుల్లో ఏ మందలో చూసినా కడుపులో పురుగు పట్టని కొత్తరకం గొర్రెలే. అయినా మందకొక పాతరకం గొర్రె ఉండి తీరాలని చట్టం. తేలిగ్గా తినడానికి ఒక మెత్తని కడుపు దొరికితే, పురుగులు గట్టి కడుపుల్లో బతికే విద్య నేర్చుకోవట.

తన మందలో ఉన్న ఆ ఒక్క బక్క పాతరకం గొర్రెను బీరయ్య అల్లుడికి కోసి పెట్టాడు. అల్లుడొచ్చాడని మేలైనదాన్ని కోసుకునేంత అమాయకుడు కాడతను.

వానలు వెలిసేసరికి మేలురకం గొర్రెలన్నీ దవడల కింద నీరు దిగి కూలబడసాగాయి.

"మంచిగ మర్యాద చేసినవు అల్లునికి! పురుగులు పని నేర్చినయి," అంది పెళ్లాం ఈదమ్మ. "పో, ఎవరి మందలనన్న పాత గొర్రె ఉంటే తోలుకరా. సోమరి పురుగులు మళ్ల పెరిగితే మిగిలినయన్న దక్కుతయి."

బీరయ్య పక్క మంద చెన్నయ్య దగ్గరికి పరుగెత్తాడు.

"చెన్నయ్యా, నీ బక్క గొర్రెనియ్యి, నీ కాల్మొక్త!"

"ఏడిది మామా? మొన్ననే కోస్తిమి."

"నీకు అల్లుడు లేడు గదరా!"

"అల్లునికి గాదు. మందకొకటి ఉన్నదా లేదా అని చూడనీకి వచ్చిన సారుకు. ఊర్ల అందరం గట్లనే పెట్టినం. మూతి తుడుచుకొని, అన్ని మందలల్ల ఉన్నదనే రాసుకపోయిండు."