రొద తీసేశాక

“మంచం దిగకే తల్లీ. నిలబడే ఓపిక లేదు నీకు,” అంది అక్క ఫోన్లో.

“వెళ్ళాలక్కా. ఇవాళ ఆయన ఉద్యోగం తేలిపోతుంది.”

“పోనీ, మీ ఆయనతో నేను మాట్లాడనా?”

“వద్దు. నువ్వేం చెప్పకు.”

ఫోన్ పెట్టేసి ఆమె వదులు బట్టలు వేసుకుంది. తల దువ్వుకుంది. అద్దంలో మొహం ఎవరిదోలా కనిపించింది. కనిపిస్తే కనిపించిందిలే అనుకుని చెప్పులు వేసుకుంది.

భర్తది యూనివర్సిటీలో పరిశోధన ఉద్యోగం. ఉద్యోగమని పేరే గానీ, మూడేళ్ళుగా గాలిలో దీపమే. ఏటా పొడిగిస్తారు. పొడిగించేముందు ప్రాణం తోడేస్తారు. ఈసారి పని చేసి చూపిస్తే పర్మనెంట్ చేస్తామన్నారు. చూపించలేకపోతే మూటాముల్లె సర్దుకుని క్వార్టర్స్ ఖాళీ చెయ్యాలి.

ఇంతకీ పనేమిటంటే, తల్లి కడుపులో ఉన్న బిడ్డ గుండెను పట్టుకోవడం. అందులో వింతేముంది అనకండి. స్కానింగుతో పని లేకుండా, ఇలాంటి మిగతా యంత్రాలకి అందనంత ముందుగా, బిడ్డ ఇంకా గుప్పెట్లో పట్టేంత ఉండగానే పట్టుకోవాలి. పొట్ట మీద బిళ్ళలు అంటిస్తారు. వాటికి తల్లి గుండె వినిపిస్తుంది, ఊపిరి వినిపిస్తుంది, పేగు కదిలినా వినిపిస్తుంది. అంతా సంత గోల. ఆ గోలనంతా తీసేసి, అడుగున ఉన్న చిన్న గుండెను తెర మీద బొమ్మగా చూపించాలి. వేలమంది తల్లుల రికార్డింగులు, అన్నిట్లోనూ బిడ్డ గుండె ఉన్నవే, ముందు పెట్టి తన కంప్యూటర్‌కి చదువు చెప్పాడు. లేచింది మొదలు రొద, రొద అని కలవరిస్తుంటాడని స్నేహితులు అతనికి రొద మాస్టారని పేరు పెట్టేశారు.

కిందటి వారమంతా ఏదో సమావేశమని వేరే ఊళ్ళో ఉండి, మొన్ననే వచ్చాడు. బ్యాగు కింద పెట్టీ పెట్టకముందే, “నాలుగో నెల! సరిగ్గా సరిపోయింది. బయటివాళ్ళని బతిమాలడం దేనికి, నువ్వే వచ్చి పడుకో,” అన్నాడు.

ఆమె నోరు తెరిచింది. అతను అప్పటికే వైర్ల చిక్కులు విడదీసుకుంటున్నాడు. సరేనంది.

ల్యాబు గదికి కిటికీలు లేవు. ఏసీ మాత్రం ఎముకలు కొరికేలా ఉంది. తలుపు దగ్గరే భర్త స్నేహితుడు ఎదురొచ్చాడు.

“రండి వదినా! ఇవాళ హీరోయిన్ మీరే. మా రొద మాస్టారు పొద్దుట్నుంచి కాలు కాలిన పిల్లిలా తిరుగుతున్నాడు. లోపలున్న బుజ్జిగాడికి చెప్పండి, బాబాయ్ పార్టీ అడిగాడని.”

“చెప్తాలే,” అంది ఆమె. నవ్వింది కూడా. ఆ నవ్వుతో తనకేం సంబంధం లేనట్టుంది.

బల్ల మీద పడుకుంది. పొట్టకి జెల్లు రాశారు. రాసినట్టు తెలిసింది గానీ, చల్లగా ఉందో వెచ్చగా ఉందో తెలియలేదు. కొన్ని రోజులుగా అన్నీ అలాగే ఉన్నాయి. అన్నం ఉప్పగా ఉన్నా, చప్పగా ఉన్నా ఒకటే.

భర్త బిళ్ళలు అంటించి, ఆమె చెయ్యి పట్టుకున్నాడు. “ఐసుగడ్డలా ఉందేంటి? భయమా?”

“లేదు.”

“దొరక్కపోతే తప్పు నాది. నీది కాదు. సరేనా?”

ఆ మాటకి ఆమె అతని కళ్ళలోకి చూసింది. అతను ఇంకేదో వైరు వెతుక్కుంటూ వెళ్ళిపోయాడు.

డిపార్ట్‌మెంట్ పెద్దాయన కళ్ళజోడు ముక్కు మీదికి జార్చుకుని ముందు కుర్చీలో కూర్చున్నాడు. ఎవరినీ ఊరికే మెచ్చుకునే మనిషి కాదు. “ఏమీ దొరక్కపోతే ఏం చూపిస్తుందయ్యా నీ యంత్రం?”

“గీత చదునుగా పోతుంది సార్. అబద్ధమాడటం దానికి రాదు.”

“సరే, కానియ్.”

తెర మీద ముందంతా గజిబిజిగా ఉంది. భర్త ఆమె గుండె చప్పుడు తీసేశాడు. ఊపిరి తీసేశాడు. పేగుల గొడవ తీసేశాడు. ఒక్కొక్కటీ పోతున్నకొద్దీ తెర ఖాళీ అవుతూ వచ్చింది. స్పీకర్ మూగబోయింది. అందరూ తెరకేసి కళ్ళప్పగించి చూస్తున్నారు. ఆమె ఒక్కతే తల పక్కకి తిప్పి, భర్త మొహాన్ని చూస్తోంది. ఆ మొహం మెల్లగా పాలిపోతోంది. పాపం, చూడలేక కళ్ళు మూసుకుంది.

టక్‌టక్‌టక్‌టక్...

ఆమె ఉలిక్కిపడి కళ్ళు తెరిచింది. తెర మధ్యలో గోరంత గుండె. గబగబా కొట్టుకుంటోంది.

గది చప్పట్లతో దద్దరిల్లింది. స్నేహితుడు కుర్చీ ఎక్కి ఈల వేశాడు. పెద్దాయన లేచి వచ్చి భర్త భుజం తట్టాడు. “సాధించావోయ్! ఈ పోస్టు నీకు కాక ఇంకెవరికి?”

భర్త బల్ల పక్కన మోకాళ్ళ మీద కూలబడ్డాడు. కళ్ళ నీళ్ళు తుడుచుకునే ధ్యాస కూడా లేదు. “విన్నావా? మనవాడే! మన బుజ్జిగాడే!”

ఆమె అతని తల మీద చెయ్యి వేసింది. ఎంతో ముద్దుగా ఉంది ఆ చప్పుడు.

“బిళ్ళలు తీసెయ్యనా?” అడిగాడు భర్త.

“ఇంకాసేపు ఉండనివ్వండి,” అంది.

అతను మురిసిపోయి స్పీకర్ గొంతు పెంచాడు.

కిందటి వారం అతను ఊళ్ళో లేనప్పుడు తనకి కడుపు పోయిందన్న మాట నోటితో చెప్పలేక, ఆ యంత్రమైనా చెబుతుందని ఇవాళ ఆమె ఓపిక చేసుకుని వచ్చింది.