పేరు రాని గుట్ట

ఆ మేకల మందలో ఒక ఆచారం ఉంది. ఏ కొండ కొసకి ముందు ఎవరు చేరితే ఆ కొండకి వాళ్ల పేరే. చుట్టూ ఉన్న కొండలన్నిటికీ పేర్లు వచ్చేశాయి. వెనకున్న రాళ్లగుట్టకి మాత్రం రాలేదు.

"అక్కడేముంది, ఒట్టి బండలు," అనేవాడు మందకి పెద్దయిన ముసలి మేకపోతు. ఆయన గడ్డం ఊదారంగులో ఉండేది. అది వయసుతో వచ్చిన రంగని అందరూ గౌరవించేవారు.

చిట్టికొమ్ముడనే కుర్రపోతుకి పేరు పిచ్చి. ఒక పొద్దున గుట్ట మీదికి బయల్దేరాడు. సగం దాకా నడిచాడు. ఆపైన బండలు నిలువుగా ఉన్నాయి. గిట్టలు సందుల్లో దూర్చి, పొట్ట రాసుకుంటూ పాకాడు. రెండుసార్లు జారి ముళ్లపొదలో పడ్డాడు. మధ్యాహ్నానికి మోకాళ్లు చెక్కుకుపోయి కొసకి చేరాడు.

అక్కడ బండ చీలికలో ఒకే ఒక్క నేరేడు చెట్టు ఉంది. కింద పండ్లు నల్లగా రాలి ఉన్నాయి. మందంతా వస్తే ఒక్క పూటకి చాలవు. ఒక్కడికైతే నెలంతా పండగే.

తన పేరు కిందికి వినబడేలా అరుద్దామని నోరు తెరిచాడు. తెరిచిన నోట్లో పండు పెట్టుకున్నాడు.

మసక వెలుతురులో దిగేసరికి మందంతా కాచుకుని ఉంది.

"ఎక్కావా? పైనేముంది?"

"సగంలోనే ఆగిపోయాను. కనిపించినంత మేరా ఒట్టి బండలే."

మంద ఉసూరుమంటూ మేతకి మళ్లింది. ముసలిపోతు పక్కకొచ్చి మెల్లగా అన్నాడు:

"గడ్డం కడుక్కో నాయనా. ఆ రంగు నా వయసుకి చెల్లుతుంది గానీ, నీ వయసుకి చెల్లదు."