సుద్దముక్క మీద పచ్చగీత

“పచ్చ ఇక్కడిదాకా ఉందమ్మగారూ.” ల్యాబ్ అటెండర్ దానయ్య సుద్దముక్క మీద పెన్సిలుతో గీత గీసేశాడు.

“అది పచ్చ కాదు దానయ్యా, నారింజ. పచ్చ కిందే ఆగిపోయింది,” అంది తాయారమ్మ.

చెరువు నాచు నూరి, స్పిరిట్‌లో నానబెట్టి, ఆ రసంలో సుద్దముక్క నిలబెడితే నాచులోని రంగులు విడివిడిగా పైకి పాకుతాయి. ఏ రంగు ఎంతమేర ఉందో వెంటనే గుర్తు పెట్టాలి. గంటలో వెలిసిపోతాయి. రాయపూర్ కాలేజీలో ప్రొఫెసర్ మల్లేశ్వరరావు పదేళ్ళ పరిశోధన అంతా ఆ గీతలే. కొత్త డిమాన్‌స్ట్రేటర్ తాయారమ్మ ఉద్యోగం ఖాయం కావాలన్నా ఆయన సంతకమే దిక్కు.

ఆయనకు రెండు కళ్ళలోనూ శుక్లాలు.

“నెల్లాళ్ళుగా నీ గీతలూ దానయ్య గీతలూ కలవడం లేదు,” అన్నాడాయన. “పదేళ్ళుగా నా కళ్ళు వాడివేనమ్మా. దోషం నీ చూపులో ఉంది.”

“మీరే ఒక్కసారి చూడండి సార్.”

“ఏం చూడను? వెలిసిపోయాయిగా! బస్, చాలు. కంటి దోషం వల్ల లెక్కలు తప్పానని రాసిచ్చి నీ అంతట నువ్వే మానుకో. నేను తీసేస్తే ఇంకే కాలేజీ గడపా తొక్కలేవు.”

దానయ్య తల వంచుకుని గాజు గొట్టాలు కడుగుతున్నాడు.

తాయారమ్మ రాసిచ్చింది. ఒళ్ళు మండిపోయింది. కానీ నలుగురూ కుక్కంటే మేకా కుక్కే అయినట్టు, నెల్లాళ్ళు వినేసరికి ఆమెకే తన కళ్ళ మీద అనుమానం పుట్టింది.

మర్నాడు తండ్రి బంగారయ్య ఆమెను రైల్వే ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. ఆయన రైలు గార్డు. అక్కడి కంపౌండర్ సూర్యారావు బల్ల మీద రంగురంగుల ఊలు కుమ్మరించాడు. బండి నడిపే ప్రతివాడికీ పెట్టే పరీక్ష అది.

“ముందు పచ్చవి ఏరు తల్లీ. తర్వాత ఎర్రవి.”

ఒక్కటీ తప్పలేదు.

“బంగారంలాంటి చూపు గార్డుగారూ! దోషమన్న వెధవ ఎవడు?”

“కాలేజీ ప్రొఫెసరు,” అన్నాడు బంగారయ్య.

తాయారమ్మకు ఏడుపు ముంచుకొచ్చింది. ఇచ్చిన కాగితం ఇక వెనక్కి రాదు.

“కాలేజీ అంటే గుర్తొచ్చింది. అక్కడ మా దానయ్య బాగున్నాడా తల్లీ?” సూర్యారావు ఊలు సర్దుతూ అడిగాడు. “ఫైర్‌మన్ పనికోసం మూడుసార్లు ఈ బల్ల ముందు కూచున్నాడు. అక్కడ కుదురుకున్నాడట, అచ్ఛా హువా, మంచిదే అయింది.”

“మరి రైల్వేలో ఎందుకు తీసుకోలేదు?” అన్నాడు బంగారయ్య.

“వాడికి ఎరుపూ పచ్చా ఒకటే.”