గిన్నె ఖాళీ కావాలి

స్ట్రిప్ లేత గులాబీ రంగులోనే ఆగిపోయింది.

ముదురు ఊదా రావాలి. బాత్రూమ్ గుమ్మంలో నిలబడి, డబ్బా మీది రంగుల పక్కన పెట్టి, వెలుతురులోకి తిప్పి తిప్పి చూశాను. గులాబీయే.

ఇలా ఐదో రోజు.

నా కూతురికి ఆరేళ్ళు. వాళ్ళ నానమ్మ దాన్ని పిచ్చుక అంటుంది. మూడు రకాల మందులు మింగించినా రోజుకి పది, పన్నెండుసార్లు ఫిట్స్ వచ్చేవి. చివరికి డాక్టరు ఈ తిండి రాశాడు. నాలుగు పాళ్ళు కొవ్వు, మిగతావన్నీ కలిపి ఒక పాలు. ఒళ్ళు ఆ కొవ్వుతోనే నడుస్తుంటే, పొద్దున మూత్రంలో ముంచిన స్ట్రిప్ ఊదాగా మారుతుంది. ఫిట్స్ తగ్గుతాయి.

తగ్గాయి కూడా. ముప్పై ఎనిమిది రోజులు ఒక్కటీ రాలేదు.

ముందురోజు రెండు వచ్చాయి.

నేను దర్జీ దుకాణంలో బట్ట కత్తిరిస్తాను. కొలతలో నాకు తేడా రాదు. వెన్న ఇరవై ఎనిమిది గ్రాములంటే ఇరవై ఎనిమిదే. మూడు పూటలవీ పొద్దున్నే తూచి, మూతలు పెట్టి పనికి వెళ్తాను. మధ్యాహ్నం తినిపించేది మా అత్తయ్య.

ఇక అనుమానం ఎవరి మీదకి వెళ్తుందో వేరే చెప్పాలా?

బిస్కెట్ కాగితం దొరుకుతుందేమోనని చెత్తబుట్ట బోర్లించాను. సిగ్గు విడిచి అత్తయ్య దిండు కింద కూడా వెతికాను. చిటికెడు చక్కెరైనా ఈ తిండిని చెడగొడుతుందని, దగ్గు మందు సీసా మీది చీమతలకాయంత అక్షరాలు చదివాను. టూత్‌పేస్ట్ మార్చాను. ఒళ్ళు మండిపోవడం తప్ప ఒరిగిందేమీ లేదు.

డైటీషియన్‌కి ఫోన్ చేస్తే, గిన్నె పూర్తిగా ఖాళీ అవుతోందా అని అడిగింది. నాకినట్టు అవుతోందని గొప్పగా చెప్పాను. అయితే ఎవరో బయటి తిండి పెడుతున్నారంది. ఇంకో మూడు వారాలు చూద్దాం, ఇలాగే ఉంటే ఈ తిండి ఆపేద్దాం అంది.

ఆపేస్తే ఆ తర్వాత ఏముందని అడిగాను. ఆవిడ మాట మార్చేసింది.

మా ఆయనతో అంటే, అమ్మ అలాంటి పని చెయ్యదన్నాడు. వాళ్ళమ్మ కదా మరి.

అత్తయ్యనే నిలదీశాను.

"నేను దానికి వేరే ఏమీ పెట్టలేదమ్మా," అంది నా కళ్ళలోకి చూస్తూ.

అదే నాకు ఇంకా కోపం తెప్పించింది. అబద్ధమాడేవాళ్ళు కనీసం కళ్ళు దించుకుంటారు. పైగా ఆ సాయంత్రం కడుపులో తిప్పుతోందని ఏమీ తినకుండా పడుకుంది. నాటకం అనుకున్నాను.

ఐదో రోజు తలనొప్పని చెప్పి మధ్యాహ్నమే దుకాణం నుంచి వచ్చేశాను. చెప్పులు చేత్తో పట్టుకుని, పెరటి తలుపు నుంచి, సొంత ఇంట్లో దొంగలా.

ఓరగా వేసిన వంటింటి తలుపు సందులోంచి చూస్తే, బల్ల దగ్గర ఇద్దరూ ఉన్నారు. గిన్నెలో కూరా గుడ్డూ అయిపోయాయి. వెన్నా క్రీమూ పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. పిచ్చుక నోట్లో ఒక స్పూను వెన్న ఉంది. మింగలేక, రెండు చేతులతో మూతి మూసుకుని వెక్కుతోంది.

అత్తయ్య గిన్నెను తన వైపు లాక్కుంది.

కళ్ళు గట్టిగా మూసుకుని, చేదు మందులా ఒక్కో స్పూనూ మింగింది. పిత్తాశయంలో రాళ్ళున్నాయని, నూనె ముట్టుకోవద్దని డాక్టరు గట్టిగా చెప్పిన మనిషి. చివర్లో రబ్బరు గరిటెతో అంచులు కూడా గీకి నాకింది.

నేను తలుపు తోసుకుని లోపలికి వెళ్ళాను.

"పారేస్తే నువ్వు చెత్తబుట్టలో చూస్తావు కదమ్మా," అంది, గరిటె ఇంకా చేతిలోనే ఉంది. "వారం నుంచి దానికి మొహం మొత్తింది. అలా వెక్కుతుంటే నా వల్ల కాలేదు."

ఐదు రోజులుగా ఆవిడ కోసం దాచిపెట్టుకున్న మాటలు చాలా ఉన్నాయి. ఒక్కటీ పనికొచ్చేలా లేదు.

ఆ వెన్నే మందని, దాన్ని మీరు మింగేస్తే దానికి ఏం తగ్గుతుందని మాత్రం అడిగాను. ఆవిడ తల ఊపింది. అర్థమయ్యే ఊపిందో, నేను అడిగానని ఊపిందో తెలియదు.

మర్నాడు మధ్యాహ్నం తిండి వేళకి నేనే ఇంటికి వచ్చాను.

"ఇది తినేదాకా మీరు బయట కూర్చోండి అత్తయ్యా."

లేచింది. వెళ్తూ వెళ్తూ తలుపు తనే దగ్గరగా వేసింది.

పిచ్చుక తలుపు వైపు చూసింది. నా వైపు చూసింది. నోరు తెరిచింది.

మొదటి స్పూను లోపలికి పోయింది. రెండోదానికి బుగ్గలు నిండాయి, కళ్ళూ నిండాయి.

"మింగు తల్లీ. ఇంకా తొమ్మిదే."

తింటోందా అని తలుపు అవతల నుంచి అత్తయ్య అడిగింది. తింటోందన్నాను.

మూడో స్పూను నింపాను.

నన్ను బయట కూర్చోమనేవాళ్ళు ఎవరూ లేరు.