అక్షరాల్లో వచ్చిన కబురు

తుఫానుకి ఫోన్లు పోయినాయి. మైపాడు షెల్టర్లో హామ్ రేడియో పెట్టిన సుభాషిణి, "గొంతు అందడం లేదవ్వా, అక్షరాలైతే పోతాయి" అనింది. పడవెక్కిపోయిన మా ఇంటాయన అవతలి రేవుకి చేరినాడేమో, ఆయన పెళ్ళాం కామమ్మ కనుక్కోమనిందని రాయించినాను.

జవాబొచ్చింది. నాకు చదువు రాదని తనే చదివింది: "కామమ్మా, నేను బాగుండాను. భయపడబాక."

"ఇంకేం అవ్వా, ఇప్పుడన్నా రెండు ముద్దలు తిను" అన్నారు చుట్టూ ఉన్నోళ్ళు.

ముద్ద దిగలా. ఇన్నేళ్ళ కాపురంలో ఆయన నన్ను "ఏమ్మే" అన్నాడేగానీ పేరెత్తి పిలవలేదు. నా మనసు కుదుటపడాలని ఇంకెవరో రాసుంటారు.

"గొంతే పెట్టు తల్లీ" అన్నాను.

"ఒట్టి హోరే వస్తుందవ్వా."

"రానీ. అందులో ఆయన దగ్గుంటే నాకు తెలుస్తాది."