కుదురైన పిల్ల

"ఏడాదిగా ఒక్క ఫిట్ కూడా రాలేదు డాక్టరుగారూ. మీ మాత్రలు రామబాణమే!" అంది తల్లి.

డాక్టరమ్మ నవ్వలేదు. ఎనిమిదేళ్ల పాప మెడను వేళ్లతో మెల్లగా తడుముతోంది.

"చదువెలా ఉందమ్మా?"

"కాస్త నెమ్మదించింది. అయితేనేం, అల్లరి పూర్తిగా మానేసింది. ఇదివరకు ఇల్లు పీకి పందిరేసేది. ఇప్పుడు కూర్చోబెట్టిన చోటే కూర్చుంటోంది. మా అత్తగారైతే ఒకటే మురిసిపోతున్నారు."

"చలి అంటుందా?"

"ఎండాకాలంలోనూ దుప్పటి వదల్లేదండీ."

"స్కూలు బట్టలు పొట్టి కాలేదూ?"

"లేదండీ, పోయినేడు కుట్టించినవే సరిపోయాయి..." అంటూనే తల్లి గొంతు తగ్గింది.

డాక్టరమ్మ పాపను గోడకున్న కొలత పక్కన నిలబెట్టింది. పోయినేటి చీటీలో ఉన్న అంకే మళ్లీ వచ్చింది.

"ఫిట్స్ మాత్రలు కొందరు పిల్లల్లో థైరాయిడ్‌ని మందగింపజేస్తాయమ్మా. అది తగ్గితే ఎదుగుదల ఆగిపోతుంది, పిల్ల మందకొడిగా అయిపోతుంది. రక్తం చూస్తేగానీ చెప్పలేను."

"అయితే ఈ పూట నుంచే మానిపించేస్తా!"

"అంత పని చేయకండి. ఉన్నపళంగా ఆపితే ఫిట్స్ విరుచుకుపడతాయి, ప్రాణం మీదికొస్తుంది. థైరాయిడ్ తగ్గిందని తేలితే దానికీ మందుంది."

తల్లి పాపను ఒళ్లో కూర్చోబెట్టుకుంది. నర్సు సూది గుచ్చింది. పాప చెయ్యి లాక్కోలేదు, మొహం తిప్పుకోలేదు. గొట్టంలోకి ఎక్కుతున్న రక్తాన్ని ఊరికే చూస్తూ ఉండిపోయింది.

"అబ్బ, ఎంత బుద్ధిమంతురాలో!" అంది నర్సు.

ఆ మాటకు తల్లి పాపను గట్టిగా హత్తుకుని, "ఏడవ్వే తల్లీ, ఒక్కసారి ఏడువు," అంది.