డాక్టరుగారి మీద కేసు

పాప పుట్టేటప్పుడు డాక్టరు గట్టిగా లాగడంతో కుడిచేతి నరం దెబ్బతింది. ఎనిమిదో నెల వచ్చినా ఆ చెయ్యి లేవడం లేదు. కేసు వెయ్యాలో వద్దో తేల్చుకోలేక తల్లి లాయరు దగ్గరికి వచ్చింది.

లాయరు ఫైలు తిరగేశాడు. ఆసుపత్రి కాగితాలన్నీ తేదీల వరసలో ఉన్నాయి. పొరపాటు జరిగిన చోట ఎర్రగీత కూడా ఉంది.

"ఇవన్నీ ఎలా రాబట్టారమ్మా? చెప్పులరిగేలా తిరిగినా ఎవరికీ ఒక్క కాగితం ఇవ్వరే."

"డాక్టరుగారే ఇచ్చారండీ. ఆ గీత కూడా ఆవిడే గీశారు."

"తన గొయ్యి తనే తవ్వుకునే డాక్టర్ని ఇప్పుడే చూస్తున్నాను."

"ఆవిడ మా అత్తగారండీ."

లాయరు కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టాడు.

"'తప్పు నాదే, వైద్యంలో పొరపాట్లకని నేను కట్టే ఇన్సూరెన్సు వాళ్ళే పాప ఆపరేషన్లకి ఇవ్వాలి, కేసు పడితేగాని ఇవ్వరు, వెయ్యి' అని నెలరోజులుగా నా ప్రాణం తీస్తున్నారు. ఆవిడ మీద కేసుకి సంతకం పెట్టడానికి నాకేమో చెయ్యి రావడం లేదు."

"మరి ఇవాళ ఎలా వచ్చారు?"

"నిన్నటినుంచి నాతో మాటలు మానేశారు. కేసు వేసేదాకా మాట్లాడరట."

ఆమె కళ్ళు తుడుచుకుని కలం అందుకుంది.

"ఈ అత్తగారితో నేను వేగలేనండీ. సంతకం ఎక్కడ పెట్టాలో చూపించండి."